తారుమారైన ధమనులు: రెండు ఆపరేషన్ల చరిత్ర

నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డ కొద్ది గంటల్లోనే నీలం తిరుగుతుంది. ఆక్సిజన్ పెట్టినా రంగు మారదు. బృహద్ధమని ఎడమ జఠరిక (గుండె కింది గది) నుంచి, ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని కుడి జఠరిక నుంచి బయలుదేరాలి. ఈ బిడ్డలో అవి తారుమారయ్యాయి. చెడు రక్తం ఊపిరితిత్తుల మొహం చూడకుండానే ఒళ్లంతా తిరుగుతుంది, శుభ్రపడిన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. రెంటి మధ్యా ఏదైనా రంధ్రం ఉంటేనే ప్రాణం నిలుస్తుంది. వైద్యం అందకపోతే ఇలాంటి పిల్లల్లో పదిమందిలో తొమ్మిది మంది ఏడాది తిరగకుండానే చనిపోతారు.

చేయాల్సిందేమిటో వైద్యులకు మొదటి నుంచీ తెలుసు: ధమనులు రెండూ కోసి, వాటి స్థానాలు మార్చి కుట్టాలి. టొరంటోలో విలియం మస్టర్డ్ 1950ల తొలినాళ్లలోనే ఆ సాహసం చేశాడు. గుండె పనిని బయట నడిపే యంత్రాలు అప్పటికింకా నమ్మదగ్గ దశకు రాలేదు. రక్తానికి ఆక్సిజన్ అందించడానికి ఆయన కోతుల ఊపిరితిత్తులను వాడాడు. ఆ పసిపిల్లల్లో ఒక్కరూ బతకలేదు. అసలు చిక్కు కరోనరీ ధమనులది. గుండె కండరానికి రక్తమిచ్చే ఆ సన్నని నాళాలు బృహద్ధమని మొదట్లోనే పుడతాయి కాబట్టి వాటినీ కొత్త చోటికి తరలించాలి. నవజాత శిశువులో వాటి వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే.

నేరుగా వెళ్లే దారి మూసుకుపోవడంతో సర్జన్లు చుట్టుదారి వెతికారు. 1950 నాటికే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో బ్లాలాక్, హాన్లన్ గుండె పై గదుల (కర్ణికల) మధ్య గోడకు రంధ్రం చేసి, రెండు రక్తాలూ కలిసేలా చూశారు. దాని వెనుక ప్రయోగశాలలో శ్రమించిన వివియన్ థామస్ నల్లజాతి సహాయకుడు, వైద్య పట్టా లేనివాడు. ఆయన పేరు ఆ ఆపరేషన్‌కు పెట్టలేదు. పెట్టి ఉండాల్సిందని నా అభిప్రాయం. 1958లో స్వీడన్ సర్జన్ ఆకే సెనింగ్ ధమనుల జోలికి పోకుండా పై గదుల్లోనే రక్తం దారి మళ్లించాడు. కర్ణికల గోడలనే మడిచి, కుట్టి, చెడు రక్తం ఎడమకూ మంచి రక్తం కుడికీ చేరేలా చేశాడు. అయితే ఆ మడతలు చాలామంది సర్జన్ల చేతికి లొంగలేదు. 1963లో మస్టర్డే సులువైన మార్గం చూపాడు. మధ్య గోడ తీసేసి, గుండె పైపొర ముక్కతో కొత్త దారి కుట్టాడు. అది ప్రపంచమంతా పాకింది. 1966లో ఫిలడెల్ఫియాలో విలియం రాష్‌కిండ్, ఛాతీ తెరవకుండానే సిర గుండా చిన్న బెలూన్ పంపి పై గదుల మధ్య రంధ్రాన్ని వెడల్పు చేశాడు. దాంతో బిడ్డ ఆపరేషన్ దాకా నిలబడగలిగింది. 1977 నుంచి సెనింగ్ పద్ధతి మళ్లీ ఆదరణ పొందింది. ప్రధానంగా బిడ్డ సొంత కణజాలంతోనే కట్టిన దారి బిడ్డతో పాటు పెరుగుతుందన్నది దాని బలం.

పిల్లలు బతికారు, బడికి వెళ్లారు. అయితే రక్తం సరిగా తిరుగుతున్నా, ఒళ్లంతటికీ రక్తం తోసే భారం కుడి జఠరిక మీదే మిగిలింది. అది ఊపిరితిత్తుల వరకు తోయడానికి తయారైన గది. ఏళ్లు గడిచేకొద్దీ అది అలిసిపోవడం, కర్ణికల్లో కుట్లు పడ్డచోట లయ తప్పడం, కొందరు ఉన్నట్టుండి చనిపోవడం కనిపించాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన పిల్లల లెక్క బాగుంది గానీ, ముప్పై ఏళ్ల వయసు లెక్క బాగాలేదు.

1975లో బ్రెజిల్‌లోని సావో పాలోలో అదిబ్ జాటెనే ధమనులను, వాటితో పాటు కరోనరీలను మార్చి కుట్టి, బిడ్డను బతికించాడు. ఆ బిడ్డకు కింది గదుల మధ్య కూడా రంధ్రముంది. దానివల్ల ఎడమ జఠరికపై ఒత్తిడి తగ్గక, బలం నిలిచింది. రంధ్రం లేని పిల్లల్లో ఆ గది కొన్ని వారాల్లోనే మెత్తబడిపోతుంది. మగ్ది యాకూబ్ 1977లో దీనికి రెండంచెల ఉపాయం చెప్పాడు: ముందు పుపుస ధమనికి పట్టీ బిగించి ఎడమ గదికి కసరత్తు ఇవ్వాలి, ఆ తర్వాతే ధమనులు మార్చాలి. 1981లో ఫ్రాన్స్‌లో లెకాంట్ పుపుస ధమనిని ముందుకు తెచ్చి కుట్టే పద్ధతి చూపాడు. చివరికి బోస్టన్‌లో అల్డో కాస్టనేడా బృందం, గది మెత్తబడేలోగా పుట్టిన తొలి రోజుల్లోనే ఆపరేషన్ పూర్తి చేయాలని తేల్చింది. రెండు ధమనుల మధ్య పుట్టుకతో ఉండే డక్టస్ అనే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు, రాష్‌కిండ్ బెలూన్ అప్పటికే అందుబాటులో ఉండబట్టే అది సాధ్యమైంది.

1980ల్లో సర్జన్ల ముందున్న సంకటం ఊహించండి. చేయితిరిగిన సర్జన్ చేసే సెనింగ్‌లో బిడ్డ దాదాపు తప్పక బతుకుతుంది. ధమనులు మార్చి కుట్టే కొత్త ఆపరేషన్‌ను, అంటే స్విచ్‌ను, నేర్చుకునే రోజుల్లో కొందరు పిల్లలు పోతారు, కానీ బతికినవారికి గుండె తన సహజ పని తాను చేస్తుంది. రేపటి మేలు కోసం ఇవాళ్టి బిడ్డను పణం పెట్టడం ఎంతవరకు న్యాయం? లండన్‌లో మార్క్ డి లెవాల్ తన మొదటి 52 స్విచ్‌లలో ఒక్క బిడ్డనే పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత మరణాలు వరుసకట్టాయి. ఆయన మంచి ఫలితాలున్న మరో కేంద్రానికి వెళ్లి తన పద్ధతి సరిచూసుకున్నాడు, 1994లో ఆ కథంతా లెక్కలతో సహా ప్రచురించాడు. ఈ రంగంలో నేను అత్యంత గౌరవించే పని అది. బ్రిటన్‌లోనే బ్రిస్టల్ ఆసుపత్రిలో అలా జరగలేదు. 1991–95 మధ్య అక్కడ ఏడాది లోపు పిల్లల గుండె ఆపరేషన్లలో, మామూలుగా ఊహించదగిన దానికంటే 30 నుంచి 35 మంది ఎక్కువ చనిపోయారని 2001లో విచారణ తేల్చింది. అప్పటి నుంచి బ్రిటన్‌లో సర్జన్ల ఫలితాల లెక్క బయటపెట్టాల్సిన అంశంగా మారింది.

స్విచ్ కూడా లోపం లేనిది కాదు. పుపుస ధమని కుట్ల దగ్గర సన్నబడొచ్చు, బృహద్ధమని మొదలు ఉబ్బొచ్చు. జీవితాంతం పరీక్షలు తప్పవు. అయినా నా తీర్పు దాని వైపే. అలాగని సెనింగ్‌ను పాతసామానుగా చూడలేం. మన దేశంలో చాలామంది పిల్లలు నెలలు దాటాకే గుండె సర్జన్ దగ్గరికి చేరతారు. అప్పటికి ఎడమ గది మెత్తబడితే ఆ పాత దారే దిక్కవుతుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదింటి పిల్లల పుట్టు గుండె జబ్బులకు ఆపరేషన్ ఖర్చు భారం తగ్గింది. సమయాన్ని మాత్రం ఏ పథకమూ కొనలేదు. అందుకే కాన్పు జరిగిన ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునే ముందు, కుడి చేతికీ కాలికీ పల్స్ ఆక్సిమీటర్ పెట్టి బిడ్డ ఆక్సిజన్ చూడమని అడగండి. సూది పోటు లేని, నిమిషాల్లో అయిపోయే పరీక్ష అది.