నమలడం ఎవరి పని?

భద్రాచలం అడవంచున ఉన్న మా ఊళ్ళో, తాతయ్య చివరి ఏడాది నా పేరు మర్చిపోయాడు. కంచం ముందు పెట్టినా చెయ్యి కదిపేవాడు కాదు. నానమ్మ ముద్ద కలిపి పెదవికి ఆనించేది. అంతే, దవడ కదలడం మొదలయ్యేది, ఒకటే లయలో. పక్కనే లాప్‌టాప్ ముందు కూర్చున్న నాకు ఒకటే అనుమానం: ఈ ప్రోగ్రామ్ ఎవరు నడుపుతున్నారు?

1917లో షెరింగ్టన్ పిల్లుల మీద పరిశోధించి, ఇది ప్రతిచర్యల గొలుసు అనుకున్నాడు. దవడ మూసుకుంటే తగిలే స్పర్శే దాన్ని తెరిపిస్తుంది, తెరుచుకోగానే మళ్ళీ మూసుకుంటుంది. 1971లో డెల్లో, లండ్ ఆ గొలుసును తెంపి చూశారు. కుందేలు కండరాలు కదలకుండా మందిచ్చి, మెదడుకు విద్యుత్ ప్రేరణ ఇచ్చారు. దవడ కదల్లేదు. కానీ దవడకి వెళ్ళే నరాల్లో నమిలే లయ వినబడుతూనే ఉంది! అంటే తాళం వేసేది మెదడు కాండం. పళ్ళూ కండరాలూ పంపే కబుర్లని బట్టి ఎంత గట్టిగా కొరకాలో సర్దుకుంటుంది, అంతే.

మరి రాయిలాంటి తిండిని ఏం చెయ్యాలి? దీనికి జవాబు మా వైపే దొరికింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయిన ఆస్ట్రియన్ పరిశోధకుడు హైమండార్ఫ్, గోదావరి పక్క కొండరెడ్ల గురించి 1945లో 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అనే పుస్తకం వేశాడు. గింజలు నిండుకునే రోజుల్లో వాళ్ళని బతికించినవి జీలుగు మాను లోపలి గుజ్జు, మామిడి టెంకల్లోని జీడి. రెండూ నేరుగా నమిలేవి కావు. గుజ్జుని ఎండబెట్టి, దంచి పిండి చెయ్యాలి. జీడిని నీళ్ళలో నానేసి, వగరు పోగొట్టి, అంబలి కాయాలి. దవడ దాకా రాకముందే సగం పని రోలూ వాగూ చేసేస్తాయి.

తేడా ఒక్కటే. లయ పుట్టుకతో వస్తుంది. రోలు పని మాత్రం ఎవరో ఒకరు నేర్పాలి. ఒక్క తరం నేర్చుకోకపోతే అది పోతుంది, ఏ మెదడు కాండమూ దాన్ని దాచిపెట్టదు. తాతయ్యకి చివరిదాకా మిగిలింది ఆ లయ. మిగతా పనంతా నానమ్మ చేతులే చేశాయి.

టెంకల అంబలి కాయడం నానమ్మకి వచ్చు. నాకు రాదు. ఈ వానాకాలంలోనే అడిగి నేర్చుకోవాలి.