గ్రంథపాతం, పునఃపూరణం: ఫెల్లీని ‘కబీరియా రాత్రులు’ చిత్రంలో లుప్త ఘట్టం

ప్రాచీన కావ్యాలను పరిష్కరించేవారికి గ్రంథపాతం కొత్త విషయం కాదు. తాళపత్రం విరిగిన చోట ఒక పద్యమో, ఒక్కొక్కసారి ఒక ఘట్టమో జారిపోతుంది. మిగిలిన భాగం అన్వయిస్తున్నట్లే కనిపించడం వల్ల లోపం ఉన్నదన్న స్పృహ లేకుండానే వ్యాఖ్యానాలు వెలువడుతాయి. లుప్తభాగం మరొక ప్రతిలో దొరికినప్పుడు కొన్ని పంక్తులు అదనంగా చేరడంతో విషయం ముగిసిపోదు. అంతవరకు పాత్ర స్వభావమని భావించినదానికి కథలోనే కారణం ఉన్నదని తెలియవచ్చు. చలనచిత్రాలకూ ఈ స్థితి కలుగుతుంది. ఇటలీ దర్శకుడు ఫెదెరికో ఫెల్లీని 1957లో వెలువరించిన ‘కబీరియా రాత్రులు’ అందుకు మంచి నిదర్శనం. ఈ చిత్రం నుంచి తొలగించిన సుమారు 7 నిమిషాల ఘట్టం 1998 నాటి పునర్విడుదలలో తిరిగి తన స్థానానికి చేరింది. ఆ ఘట్టాన్ని కలుపుకొని చూస్తే కబీరియా ఆశను కేవలం అమాయకత్వంగా పరిగణించడం సాధ్యం కాదనీ, అది తన భవిష్యత్తును కళ్ళారా చూసిన స్త్రీ చేసిన ప్రయత్నమనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. చిత్ర నిర్మాణం

ఈ చిత్రానికి ఫెల్లీని, ఎన్నియో ఫ్లయానో, తుల్లియో పినెల్లి రచన చేశారు. రోము నగరపు అట్టడుగు వర్గాల మాండలికాన్ని సంభాషణల్లోకి తేవడానికి కవి పియెర్ పావొలో పసోలీని తోడ్పడ్డాడు. నిర్మాత దీనో దె లౌరెంతీస్. సంగీతం నీనో రోతా. కబీరియాగా ఫెల్లీని భార్య జూలియెట్టా మసీనా నటించింది. 1957లో కాన్ చలనచిత్రోత్సవంలో ఆమెకు ఉత్తమ నటి పురస్కారం లభించింది. మరుసటి సంవత్సరం ఈ చిత్రం ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ పురస్కారం పొందింది.

కబీరియా పాత్ర అప్పుడే పుట్టినది కాదు. 1952 నాటి ఫెల్లీని చిత్రం ‘తెల్ల షేక్’లో ఇదే పేరుతో, ఇదే నటి క్షణకాలం కనిపిస్తుంది. ఆ పేరుకు ఇంకా వెనుకటి చరిత్ర కూడా ఉంది. 1914లో జొవాన్ని పస్త్రోనే తీసిన మూకీ చిత్రం ‘కబీరియా’లో ఆ పేరుగల బాలిక కార్తేజిలో బలి కాబోతుండగా వీరులు వచ్చి కాపాడతారు. ఫెల్లీని కబీరియాకు అటువంటి రక్షకుడెవ్వడూ రాడు. రక్షకుడిగా వచ్చిన ప్రతివాడూ ఏదో ఒక రూపంలో ఆమెను వంచించడమో, విడిచిపెట్టడమో జరుగుతుంది. పేరులోని ఈ వైరుధ్యమే చిత్రానికి మూలసూత్రం.

2. చట్టానికి వెలుపలి స్త్రీ

ఇటలీలో 1860 నుంచి వేశ్యాగృహాలు ప్రభుత్వ అనుమతితో నడిచేవి. అందులోని స్త్రీల పేర్లు పోలీసుల వద్ద నమోదయ్యేవి. నిర్బంధ వైద్య పరీక్షలు జరిగేవి. సోషలిస్టు సెనేటర్ లీనా మెర్లిన్ ఈ వ్యవస్థను రద్దు చేయాలని 1948లో బిల్లు ప్రతిపాదించింది. దీర్ఘకాలం వాదోపవాదాలు సాగిన తరువాత అది 1958 ఫిబ్రవరి 20న చట్టమైంది. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఆ గృహాలు మూతపడ్డాయి. ఐక్యరాజ్యసమితి 1949లో ఆమోదించిన ఒడంబడికను అనుసరించి భారత పార్లమెంటు స్త్రీలు, బాలికల అవినీతి వ్యాపార నిరోధక చట్టాన్ని 1956లో చేసింది. కనుక ఇటలీ చర్చ ఒక దేశపు అంతర్గత విషయం మాత్రమే కాదు. అది ఆ కాలపు అంతర్జాతీయ చింతనలో భాగం.

చిత్రం సరిగ్గా ఈ చర్చ ముగింపు దశకు చేరిన కాలానిది. అయితే కబీరియా ఆ అనుమతి గృహాలకు చెందినది కాదు. కారకల్లా స్నానశాలల శిథిలాల సమీపంలోని వీథిలో నిలబడి, పోలీసులు వస్తే పొదల మాటున దాగవలసిన స్త్రీ. పాత వ్యవస్థ ఆమెకు ఆశ్రయం ఇవ్వలేదు; రాబోయే సంస్కరణలోనూ ఆమెకు జీవనోపాధి చూపించే మార్గం లేదు. ఆమెకున్న ఏకైక ఆధారం రోము నుంచి ఓస్తియాకు పోయే మార్గంలో బంజరు నేల మీద కట్టుకున్న చిన్న ఇల్లు. నీరు, విద్యుత్తు, గ్యాస్ ఉన్నాయని ఆమె గర్వంగా చెప్పుకుంటుంది. ఆ గర్వాన్ని హాస్యంగా మాత్రమే గ్రహించడం పొరపాటు. శిథిల తోరణాల కింద తలదాచుకునే స్త్రీల నడుమ సొంత తాళంచెవి గలిగి ఉండటమే ఆమె సామాజిక హోదా.

3. కథాక్రమంలో లుప్త ఘట్టం స్థానం

చిత్రారంభంలో జోర్జో అనే ప్రియుడు కబీరియా చేతిసంచి లాక్కొని ఆమెను నదిలోకి తోసివేస్తాడు. తరువాత వయా వెనెతోలో ప్రసిద్ధ నటుడొకడు తన ప్రేయసితో కలహించిన కోపంలో ఆమెను తన భవనానికి తీసుకుపోతాడు. ప్రేయసి తిరిగి రాగానే కబీరియా ఆ రాత్రంతా స్నానాల గదిలో దాగి గడపవలసి వస్తుంది. అనంతరం దివీనో అమోరె పుణ్యక్షేత్రానికి తోటి స్త్రీలతో యాత్ర చేస్తుంది. తన జీవితం మారాలని అక్కడ కన్నీటితో ప్రార్థిస్తుంది. ఏమీ మారలేదని తెలిసి, ఆ సాయంత్రమే అందరిముందు ఆగ్రహంతో అరుస్తుంది. ఇంద్రజాల ప్రదర్శనలో సమ్మోహితురాలై తన మనసులోని కోరికను బయటపెట్టిన తరువాత ఓస్కార్ అనే వ్యక్తి పరిచయమవుతాడు. పెళ్ళి మాట విని ఆమె ఇల్లు అమ్ముతుంది. అతడూ ధనం కోసమే వచ్చాడని సరస్సు పైని కొండ అంచున తెలుస్తుంది.

లుప్త ఘట్టం నటుడి భవనానికీ, పుణ్యక్షేత్ర యాత్రకూ నడుమ వస్తుంది. తెల్లవారుజామున నగరం చివర ఒంటరిగా మిగిలిన కబీరియాకు సంచి మోసుకుపోతున్న ఒక మనిషి కనిపిస్తాడు. నేలలోని గుహల్లో, గుంతల్లో నివసించే నిరుపేదలకు అతడు ఆహారమూ, అవసరమైన వస్తువులూ పంచిపెడుతుంటాడు. అటువంటి ఒక గుంతలో నుంచి వృద్ధురాలొకతె బయటికి వస్తుంది. ఆమెను కబీరియా గుర్తుపడుతుంది. ఒకప్పుడు ఇదే వృత్తిలో డబ్బు, దర్జా గలిగి ‘బొంబా’ అని పేరుపడిన స్త్రీ ఆమె. తిరుగుదారిలో ఆ మనిషి తన కారులో కబీరియాను దింపుతాడు. అతడు ఉపదేశం చేయడు, ప్రతిఫలం అడగడు. వృత్తినామం వదిలి తన అసలు పేరు మరియా అని ఆమె అతడికి చెప్పుకుంటుంది.

4. తొలగింపునకు రెండు సాక్ష్యాలు

కాన్ ప్రదర్శనలో ఉన్న ఈ ఘట్టం సాధారణ విడుదల నాటికి తొలగిపోయింది. కారణం గురించి రెండు కథనాలు ఉన్నాయి. చర్చి వర్గాలకు రుచించనందువల్ల దాన్ని వదులుకోవలసి వచ్చిందని ఫెల్లీని చెప్పాడు. చిత్రానికి అనుమతి దక్కేందుకు జెస్యూట్ మతగురువు అంజెలో ఆర్పా సహాయంతో జెనోవా కార్డినల్ జూసెప్పె సీరికి దానిని చూపించిన సంగతీ ఆయన మాటల వల్లనే తెలుస్తున్నది. నిర్మాత దె లౌరెంతీస్ కథనం వేరు: ఆ భాగం చిత్రగమనాన్ని మందగింపజేస్తున్నదని తానే తీసివేశానన్నాడు.

ఇద్దరూ సంబంధిత పక్షాలే కనుక ఏ ఒక్క మాటనూ నిర్ణాయకంగా స్వీకరించలేము. అయితే ఫెల్లీని కథనానికి ఆనాటి పరిస్థితుల్లో ఆధారం ఉంది. 1929 నాటి లాతెరాన్ ఒప్పందం రోము నగరపు పవిత్ర స్వభావాన్ని కాపాడే బాధ్యతను ఇటలీ ప్రభుత్వంపై ఉంచింది. 1948 నుంచి అమలైన రాజ్యాంగం ఆ ఒప్పందాన్ని గుర్తించింది. యుద్ధానంతరం నగర శివార్లలో పేదల సహాయ కార్యక్రమాలను చర్చి సంస్థలు విస్తృతంగా నిర్వహించాయి. అటువంటి నగరంలోనే గుహల్లో మనుషులు జీవిస్తున్నారనీ, వారికి అన్నం పెట్టేవాడు ఏ సంస్థకూ చెందని సామాన్యుడనీ చూపడం సులభంగా సహించదగిన చిత్రణ కాదు. నిర్మాత చెప్పిన గమనదోషం నిజమే అనుకున్నా, ఈ ఘట్టం వెంటనే విఫలమైన పుణ్యక్షేత్ర ప్రార్థన రావడం వల్ల ఏర్పడే పోలిక మాత్రం చెరగదు.

5. అన్వయంలో మార్పు

ఆంద్రే బజాఁ 1957లోనే ఈ చిత్రంపై ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఫెల్లీని నవ్యవాస్తవికతను దాని చివరి అంచు దాకా తీసుకుపోయి ఆవలి వైపున తేలాడని ఆయన అభిప్రాయం. చివరి దృశ్యంలో సర్వం కోల్పోయిన కబీరియా పాటలు పాడుకుంటూ పోయే యువజనం నడుమ నడుస్తూ, ఒక్క క్షణం కెమెరా వైపు చూస్తుంది. బజాఁ ఆ చూపునకు ప్రత్యేక ప్రాధాన్యమిచ్చాడు. ఆ తరువాతి విమర్శలో కబీరియాను దైవకృపకు పాత్రురాలైన నిర్మలాత్మగా చూసే ధోరణి బలపడింది.

ఈ వ్యాఖ్యానం పూర్తిగా తప్పు కాదు, అసంపూర్ణం. లుప్త ఘట్టం లేని ప్రతిలో కబీరియా ప్రార్థనకు తగిన కారణం కనిపించదు. తోటివారి మాట విని వెళ్ళి, అక్కడి ఉద్వేగంలో కరిగిపోయినట్లు తోస్తుంది. ఇల్లు అమ్ముకోవడం కూడా పదేపదే మోసపోయే అమాయకురాలి చేష్టగా మిగులుతుంది. పూర్ణ ప్రతిలో క్రమం మారుతుంది. సొంత ఆస్తి కూడా తనను రక్షించదని బొంబా ద్వారా ఆమె తెలుసుకుంది. గర్వకారణమైన ఆ ఇంటికీ, నేలలోని గుంతకూ మధ్య దూరం వృద్ధాప్యం మాత్రమే. మరొక జీవితం కావాలన్న ప్రార్థన అక్కడ పుట్టింది. ఇల్లు అమ్మడం భ్రమలోంచి వచ్చిన పని కాదు. ఇల్లు సరిపోదని తెలిసిన భయం నుంచి వచ్చిన నిర్ణయం. ఆమె ఎంచుకున్న మనిషి తప్పు కావచ్చు. ఆమె అంచనా తప్పు కాదు.

సంచి మనిషి పాత్ర ప్రయోజనం కూడా ఇక్కడ స్పష్టమవుతుంది. ప్రియుడు, నటుడు, పుణ్యక్షేత్రం, వరుడు: ఈ నలుగురూ ఏదో ఒకటి ఇస్తామన్న ఆశను ఆమెలో రేపినవారే. ఏ ఆశా చూపకుండా ఇచ్చినవాడు సంచి మనిషి ఒక్కడే. మంచితనం లోకంలో ఉన్నదన్న నమ్మకానికి చిత్రంలో ప్రత్యక్ష ప్రమాణం అతడే. అందువల్ల చివరి చిరునవ్వుకు దైవకృప ఒక్కటే ఆధారం కాదు. ఒకనాటి తెల్లవారుజామున చూసిన మానవ దయ కూడా ఆధారమే.

ముగింపు

లుప్త భాగం తిరిగి చేరినా చిత్రకథ మారలేదు. సంఘటనల మధ్య కార్యకారణ సంబంధం మారింది. అసంపూర్ణ ప్రతిపై నిలిచిన వ్యాఖ్యానం కబీరియాకు నిర్మలత్వాన్ని ఇచ్చి, వివేకాన్ని తీసివేసింది. పేద స్త్రీ ఆశను స్వభావ లక్షణంగా వర్ణించినప్పుడు ఆమె ఎరిగిన లోకం, ఆమె వేసుకున్న లెక్క కనుమరుగవుతాయి. పాఠ పరిష్కరణ అక్షరాలకు సంబంధించిన పని మాత్రమే కాదనీ, పాత్రకు న్యాయం చేసే పని కూడా అనీ ఈ 7 నిమిషాల చరిత్ర రుజువు చేస్తున్నది.