అనుమతి ఉంటే తనిఖీ.. లేకుంటే చొరబాటు
వెబ్ ఫారాల్లో ‘ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్’ లోపం, పరీక్షా విధానం

రామతీర్థం (నెల్లిమర్ల మండలం): దేవాలయ హుండీని అధికారుల సమక్షంలో తెరిస్తే అది లెక్కింపు. అదే హుండీని అనుమతి లేని వ్యక్తి తెరిస్తే, ఒక్క రూపాయి ముట్టకున్నా తప్పిదమే. సీతారామస్వామి కొలువైన రామతీర్థంలో అందరికీ తెలిసిన ఈ న్యాయమే వెబ్‌సైట్ల భద్రతా పరీక్షలకూ వర్తిస్తుంది. కంప్యూటర్ చదువులు చదువుతున్న గ్రామీణ యువత ఈ భేదాన్ని గ్రహించవలసి ఉంది.

2001లో ఈ-సేవ, 2011లో మీసేవ ప్రారంభమయ్యాక ధ్రువపత్రం మొదలు ఉపకార వేతనం వరకు దరఖాస్తులు క్రమంగా కంప్యూటర్ల బాట పట్టాయి. కుటుంబ వివరాలన్నీ డేటాబేస్‌లకు చేరాయి. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు బహిర్గతమైనట్లు వెల్లడైంది. అది వేరే తరహా లోపమే అయినా, ఇలాంటి సమాచారం బయటపడితే నష్టపోయేది సామాన్యులేనని చాటిచెప్పింది.

లోపం ఎలా పుడుతుంది?

ఫారంలో హాల్‌టికెట్ నంబరు నమోదు చేయగానే సర్వర్ దానితో ఒక ప్రశ్నను రూపొందించి డేటాబేస్‌కు పంపుతుంది. ఆ ప్రశ్నలను రాసే భాషే ఎస్‌క్యూఎల్. వచ్చిన అక్షరాలను ప్రోగ్రాం యథాతథంగా ప్రశ్నలో అతికిస్తే, నంబరు స్థానంలో ఆదేశం రాసినా డేటాబేస్ దానిని శిరసావహిస్తుంది. అర్జీలో పేరు రాయవలసిన ఖాళీలో ‘మిగిలిన అర్జీలన్నీ నాకు ఇవ్వవలెను’ అని రాస్తే, గుమస్తా ఆలోచించకుండా అన్నీ అప్పగించినట్లన్నమాట.

ఈ లోపాన్ని 1998 డిసెంబరులో ‘ఫ్రాక్’ అనే పత్రిక వెలుగులోకి తెచ్చింది. అమెరికాలోని హార్ట్‌లాండ్ పేమెంట్ సిస్టమ్స్ నుంచి సుమారు 13 కోట్ల కార్డుల వివరాలు తస్కరణకు గురైన ఉదంతం 2009 జనవరిలో బయటపడింది. దొంగలు ప్రవేశించిన ద్వారం ఇదే. ప్రధాన నిందితుడు ఆల్బర్ట్ గొంజాలెజ్‌కు 2010లో 20 ఏళ్ల జైలు శిక్ష పడింది. 2015లో బ్రిటన్‌కు చెందిన టాక్‌టాక్ సంస్థ నుంచి దాదాపు 1.57 లక్షల మంది ఖాతాదారుల వివరాలు పోయాయి. తాను కొనుగోలు చేసిన మరో సంస్థ నుంచి సంక్రమించిన పాత పేజీలను పట్టించుకోకపోవడమే కారణం. మరుసటి ఏడాది ఆ సంస్థకు 4 లక్షల పౌండ్ల జరిమానా విధించారు.

తనిఖీ ఇలా..

మొదట యజమాని నుంచి లిఖితపూర్వక అనుమతి పొందాలి. ఏ చిరునామాను, ఏ తేదీల్లో, ఏ వేళల్లో పరీక్షించాలి, ఏది ముట్టరాదు, ప్రమాదం ఎదురైతే ఎవరికి చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. అసలు వెబ్‌సైట్‌కు బదులు దాని నకలుపై, కల్పిత వివరాలతో పరీక్షించడం ఉత్తమం.

పరీక్షకుడు ఫారం గడిలో ఒక్క ఉల్లేఖన చిహ్నం చేర్చి చూస్తాడు. డేటాబేస్ దోష సందేశం తెరపై కనిపిస్తే అనుమానించవలసిందే. పిదప ఎల్లప్పుడూ నిజమయ్యే షరతును, ఎన్నడూ నిజం కాని షరతును వేర్వేరుగా పంపి జవాబులను పోలుస్తాడు. తేడా కనిపిస్తే లోపం దాదాపు రుజువైనట్లే. అక్కడితో ఆగాలి. ఇతరుల వివరాలు తీయడం, మార్చడం, చెరపడం తనిఖీ కిందకు రావు. ప్రతి అడుగును సమయంతో సహా నమోదు చేసి నివేదిక సమర్పించాలి.

మరమ్మతు

ఆదేశాన్ని, పౌరుడు రాసిన వివరాన్ని వేర్వేరుగా డేటాబేస్‌కు పంపడమే అసలైన మందు. అప్పుడు గడిలో ఏమి రాసినా అది కేవలం అక్షరాలుగానే మిగులుతుంది. వెబ్‌సైట్‌కు డేటాబేస్‌పై అవసరమైనంత అధికారమే ఇవ్వాలి. దోష సందేశాలను బయటివారికి చూపరాదు. మరమ్మతు పూర్తయ్యాక మళ్లీ పరీక్షించాలి.

చట్టం ఏమంటోంది?

సమాచార సాంకేతిక చట్టం-2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని లేదా బాధ్యుని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించినవారు నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చు. అదే పని దురుద్దేశంతో లేదా మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ‘మేలు చేద్దామనుకున్నాను’ అనే సమాధానం అనుమతి పత్రానికి ప్రత్యామ్నాయం కాదు.

లోపం యాదృచ్ఛికంగా కంట పడితే మరింత తవ్వకుండా, పదిమందికీ చాటకుండా, ఆ వెబ్‌సైట్ నిర్వాహకులకు గానీ, 2004లో ఏర్పడిన కేంద్ర సంస్థ ‘సెర్ట్-ఇన్’కు గానీ తెలియజేయవచ్చు. తనిఖీ సంస్థలను గుర్తించి జాబితా ప్రకటించేదీ ఈ సంస్థే. ఫారం తయారు చేయించే కార్యాలయాలు, విద్యాసంస్థలు ప్రజలకు అందుబాటులోకి తేకముందే ఇటువంటి తనిఖీ జరిపిస్తే, దరఖాస్తుదారుల వివరాలకు రక్షణ చేకూరుతుంది.