కొత్త పుస్తకం అనకాపల్లి దాకా ఎలా వస్తుంది? మన ఇళ్లలో అడుగుతున్న పుస్తకాలు, తెప్పించుకునే దారులు

ఫలానా పుస్తకానికి ప్రైజ్ వచ్చిందని ఫోన్‌లో చూస్తాం. చదవాలనిపిస్తుంది. అనకాపల్లి బజార్లో అడిగితే ముందు వినపడే మాట, "ఏ క్లాసుదండీ?" అని. బెల్లం మార్కెట్‌కు దేశమంతా పేరున్న ఊరే, 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం కూడా. అయినా కథల పుస్తకం, నవల కావాలంటే ఇంకా విశాఖపట్నం వైపే చూడాలి.

ముస్లిం జీవితం గురించి తెలుగులో వచ్చే పుస్తకాల సంగతి ఇంకొంచెం కష్టం. చాలావరకు రచయితలే సొంతంగానో, చిన్న సంస్థల ద్వారానో కొన్ని వందల కాపీలు, మహా అయితే వెయ్యి వేయిస్తారు. అవి అయిపోతే మళ్లీ అచ్చు ఎప్పుడో చెప్పలేం. పేరు విన్నప్పుడే తెప్పించుకోకపోతే తర్వాత తెలిసినవాళ్ల బీరువాలో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న పేరు బాను ముష్తాక్. కర్ణాటకలోని హాసన్‌లో లాయర్. ఆమె కన్నడ కథల ఇంగ్లీషు అనువాదం 'హార్ట్ ల్యాంప్' 2025 మే నెలలో అంతర్జాతీయ బుకర్ ప్రైజ్ గెలిచింది. ఆ ప్రైజ్ ఒక కథల సంపుటికి రావడం అదే మొదటిసారి, కన్నడ పుస్తకానికి రావడం కూడా. 1990 నుంచి 2023 దాకా రాసిన 12 కథలు అందులో ఉన్నాయి. 50 వేల పౌండ్ల బహుమతిని రచయిత్రి, అనువాదకురాలు దీపా భాస్తి సమానంగా పంచుకున్నారు.

మనవాళ్లకు ఇందులో ఆసక్తి కలిగించేది ప్రైజ్ ఒక్కటే కాదు. బాను ముష్తాక్ ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ, రాసింది కన్నడలో. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, బడిలో తెలుగు అన్నట్టు పెరిగినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. దీపా భాస్తి ఉర్దూ, అరబీ, కన్నడ మాటల్ని చాలాచోట్ల అలాగే ఉంచేశారు. వాటికి ఫుట్‌నోట్లు పెట్టలేదు, వాలు అక్షరాల్లో వేరు చేసి చూపించలేదు. కథల్లో ఎక్కువగా ఉన్నది ఆడవాళ్ల బతుకు: నికాహ్, తలాక్, పిల్లలు, ఇంటి పెద్దల మాట. కొన్ని చోట్ల చదువుతుంటే ఇబ్బందిగానే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ముందు చదివి తర్వాత కాలేజీ పిల్లలకు ఇవ్వడం నయం అనిపిస్తుంది. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

తెలుగులోనూ ఇలాంటి పుస్తకాలు ముందే ఉన్నాయి, మనకే తెలియడం ఆలస్యం. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు జిల్లా కావలిలోని బాల్యాన్ని నవ్విస్తూ చెబుతుంది. పిల్లలతో కలిసి పైకి చదువుకోవడానికి మొదట అదే తీసుకోండి. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కడప జిల్లా కథలు. దానికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. సలీం నవల 'కాలుతున్న పూలతోట' హెచ్ఐవీ బాధితుల గురించి, 2010లో అకాడమీ అవార్డు పొందింది. స్కైబాబ 'అధూరె' కథలు తెలంగాణ ముస్లిం ఇళ్లవి. అవి 'వెజిటేరియన్స్ ఓన్లీ' పేరుతో ఇంగ్లీషులోకి కూడా వెళ్లాయి. షాజహానా కవిత్వం 'నఖాబ్' ఆడపిల్లల వైపు నుంచి మాట్లాడుతుంది. ఈ పేర్లు చూస్తే ఎక్కువగా నెల్లూరు, సీమ, తెలంగాణ కనిపిస్తాయి. అనకాపల్లి, నర్సీపట్నం వైపు మన ఇళ్ల కథ ఇంకా ఎవరైనా రాయాల్సే ఉంది.

ఇక తెప్పించుకోవడం.

మొదట చూడాల్సింది గవర్నమెంటు లైబ్రరీ. దానికి మనం ఏటా డబ్బు కడుతూనే ఉన్నాం. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పన్ను రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేస్తారు. చిన్న డిపాజిట్ కట్టి మెంబర్ అయితే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మన రాష్ట్రంలో పబ్లిక్ లైబ్రరీలకు వారపు సెలవు శుక్రవారం. జుమా నమాజ్ అయ్యాక అటు వెళ్దామనుకుంటే తాళం కనిపిస్తుంది.

కావలసిన పుస్తకం అక్కడ లేకపోతే నోటిమాటగా అడిగి వచ్చేయకండి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, ధర, వెనక అట్ట మీద ఉండే 13 అంకెల ఐఎస్‌బీఎన్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. పుస్తకాల ఎంపిక పైస్థాయిలో జరుగుతుంది కాబట్టి వెంటనే రాదు. కానీ ఒకే పుస్తకాన్ని పదిమంది రాసి అడిగితే దాన్ని పక్కన పెట్టడం కష్టం. ఇలా అడిగే అలవాటు తెలుగువాళ్లకు పాతదే. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పుస్తకాలు వేసుకున్న పడవే ఊళ్లకు వెళ్లేది.

కొనుక్కునేవాళ్లకు పోస్టు ఉంది. చవకగా ఉండే పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేసింది. చిన్న ప్రచురణకర్తలకు అది పెద్ద దెబ్బ, ఎందుకంటే 150 రూపాయల పుస్తకానికి కొరియర్‌కే సగం అయిపోతుంది. దాని బదులుగా 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను వేరు. ట్రాకింగ్ ఉంటుంది. నేల మీద రవాణా కాబట్టి కొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. విడిగా ఒక్కొక్కటి తెప్పించే కంటే నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒకే పార్సిల్ వేయించుకుంటే లెక్క బాగా తగ్గుతుంది. పుస్తకాల మీద జీఎస్టీ లేదు, ఎవరైనా బిల్లులో వేస్తే అడగండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ధర మరీ తక్కువుంటే అనుమానించాలి. పేరొచ్చిన ప్రతి పుస్తకానికీ దొంగ ప్రింటు బయలుదేరుతుంది: మసక అక్షరాలు, మధ్యలో పేజీలు గల్లంతు. తెలుగు అనువాదం అని చెప్పి అమ్మేదానిపై అనువాదకుల పేరు, ప్రచురణ సంస్థ పేరు లేకపోతే కొనకండి.

చూసి, పేజీలు తిరగేసి కొనాలంటే పుస్తకాల పండగలున్నాయి. హైదరాబాద్‌లో డిసెంబరులో, విజయవాడలో జనవరి మొదట్లో జరుగుతాయి. విజయవాడ మనకు రైలు దారిలోనే. చిన్న ప్రచురణకర్తల స్టాళ్లలో బయట దొరకని పాత కాపీలు అక్కడే కనిపిస్తాయి. పిల్లల కోసం నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాల్ తప్పకుండా చూడండి, తెలుగులోనూ ఉర్దూలోనూ తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలుంటాయి. ఉర్దూ చదివే పిల్లలకైతే జాతీయ ఉర్దూ కౌన్సిల్ నెలనెలా తెచ్చే 'బచ్చోం కీ దునియా' ఉంది.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌ల మాట కూడా చెప్పాలి. మన చట్టం ప్రకారం కాపీరైట్ రచయిత చనిపోయిన 60 ఏళ్ల వరకు ఉంటుంది. ఉమర్ ఖయ్యాంను పారసీ నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పిఠాపురం ఉమర్ అలీషా గారు 1945లో పోయారు. ఆయన పుస్తకాలు స్కాన్ చేసి పంచుకుంటే తప్పు లేదు, సవాబే. కానీ 500 కాపీలు సొంత డబ్బుతో వేయించుకున్న ఇవాళ్టి రచయిత పుస్తకాన్ని ఫార్వర్డ్ చేస్తే, రెండో ముద్రణ ఇక రానట్టే.

అసలెక్కడా దొరకని పుస్తకానికి ఆఖరి చోటు ఒకటుంది. 1954 చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా ఒక్కో కాపీని కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీలలోని రెండు లైబ్రరీలకు పంపాలి. పంపినవాళ్లవి అక్కడ ఉంటాయి. చెన్నైకి పని మీదో, వైద్యానికో వెళ్లేవాళ్లు ఎగ్మోర్ స్టేషన్‌కు దగ్గర్లోనే ఉన్న కన్నెమరాలో ఓసారి అడిగి చూడవచ్చు.