కాన్సర్ పరిశోధన - మాజీ సైనికుల సాక్ష్యం

సిగరెట్టు తాగితే ఊపిరితిత్తుల కాన్సర్ వస్తుందని ఇవాళ బడిపిల్లలకు కూడా తెలుసు. కాని 1950 ప్రాంతాల్లో ఈ మాటను రుజువు చెయ్యవలసి వచ్చింది. ఆ రుజువులో ఒక పెద్ద భాగం అమెరికా మాజీ సైనికుల నుంచి వచ్చింది. వాళ్ళ బీమా కాగితాలు, ఆసుపత్రి రికార్డులు, మరణించాక వాళ్ళ దేహాలు కూడా సాక్ష్యం చెప్పాయి. ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుడికి ఇచ్చే ఆహారపు పెట్టెలో బిస్కట్లు, డబ్బా మాంసంతో పాటు సిగరెట్లు కూడా ఉండేవి. భయానికీ, విసుగుకీ పొగే మందని అప్పటి నమ్మకం. 1975లో గాని ఆ పెట్టెల్లోంచి సిగరెట్లు తీసివెయ్యలేదు. యుద్ధం ముగిసి సైనికుడు ఇంటికి వచ్చాడు. అతనితో పాటు అలవాటూ వచ్చింది.

హెరాల్డ్ డార్న్ అనే గణాంక శాస్త్రవేత్త 1954లో ఒక చక్కని ఉపాయం ఆలోచించాడు. 1917కూ 1940కీ మధ్య సైన్యంలో పనిచేసి, ప్రభుత్వ జీవిత బీమా తీసుకున్న వాళ్ళకు పొగ అలవాటు గురించి ప్రశ్నలు రాసి తపాలాలో పంపాడు. 1957లో రెండోసారి అడిగిన తరువాత, జవాబిచ్చిన వారి సంఖ్య 2,50,000కు దగ్గరకు వచ్చింది. బీమా కాగితాలనే ఎందుకు పట్టుకున్నాడు? పాలసీదారు మరణిస్తే కుటుంబం సొమ్ము కోసం దరఖాస్తు పెట్టుకుంటుంది. కనుక ఏ మరణమూ లెక్క తప్పిపోదు. సిగరెట్లు తాగే వారిలో ఊపిరితిత్తుల కాన్సర్ మరణాలు, తాగని వారికంటే దాదాపు పది రెట్లు ఉన్నట్లు తేలింది.

లెక్కలు సరే, శరీరంలో ఏం జరుగుతోంది? ఈ ప్రశ్నకు జవాబు వెదికినవాడు న్యూజెర్సీ రాష్ట్రంలో ఈస్ట్ ఆరెంజ్ మాజీ సైనికుల ఆసుపత్రి డాక్టరు ఆస్కార్ ఆవర్‌బాక్. తమ ఆసుపత్రిలోను, మరికొన్ని ఆసుపత్రుల్లోను మరణించిన 400 మందికి పైగా పురుషుల శ్వాసనాళాలను పలుచటి పొరలుగా కోసి, మైక్రోస్కోపు కింద పరీక్షించాడు. ఎన్ని ఎక్కువ సిగరెట్లు తాగితే కణాలలో అంత ఎక్కువ మార్పు కనిపించింది. ఈ ఫలితాలు 1961లో వెలువడ్డాయి. మరుసటి ఏడు ఇంకొక మంచి కబురు కూడా చెప్పాడు. పొగ మానేసిన వారిలో ఆ కణాలు చాలావరకు కోలుకుంటున్నాయి! 1964 జనవరి 11న అమెరికా సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ విడుదల చేసిన ప్రసిద్ధ నివేదిక ఈ ఇద్దరి కృషినీ ఆధారంగా తీసుకుంది. అంతకు ముందు ఏడాదే డార్న్ కన్ను మూశాడు.

ఇక పెద్దపేగు కాన్సర్ సంగతి. చాలాకాలం డాక్టర్లు పెద్దపేగు చివరి భాగం మాత్రమే గొట్టంతో చూసి, అది బాగుంటే అంతా బాగున్నట్టే అనుకునేవారు. 1994 నుంచి 13 మాజీ సైనికుల వైద్య కేంద్రాల్లో, ఏ బాధా లేని 3,121 మందికి పేగు మొత్తం కొలనోస్కోపీతో పరీక్షించారు. అందరూ 50 - 75 ఏళ్ళ మధ్యవారే. డాక్టర్ డేవిడ్ లీబర్‌మన్ బృందం 2000లో ఫలితాలు ప్రకటించింది. పేగు పైభాగంలో ముదిరిన పిలకలో, కాన్సరో ఉన్నవారిలో సగం మందికి పైగా కింది భాగంలో ఏ పిలకా లేదు. అంటే సగం చూసి ధైర్యం చెప్పడం సరికాదన్నమాట. అయితే ఈ పరీక్షలో నూటికి 97 మంది పురుషులే. సైన్యం ద్వారా వచ్చిన విజ్ఞానానికి ఆ లోటు చాలాకాలం ఉంది.

ఇంత విజ్ఞానం ఇచ్చినవారికి తిరిగి ఏం దక్కింది? వియత్నాంలో అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విషపు మందు సోకిన సైనికుల విషయంలో, ఊపిరితిత్తుల కాన్సర్‌ను కొలువు వల్ల వచ్చిన జబ్బుగా 1994లో గుర్తించారు. ఆ మందు చల్లడం ఆగి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. 1998లో మరొక చట్టం వచ్చింది. కొలువులో ఉండగా పొగ అలవాటై, దానివల్లే జబ్బు చేసిందని అడిగేవారికి ఇకమీదట పరిహారం లేదని ఆ చట్టం సారాంశం. సిగరెట్టు చేతికిచ్చినదీ ప్రభుత్వమే, అది హాని అని రుజువు చేసిన వైద్యులకు జీతమిచ్చినదీ ప్రభుత్వమే, బాధ్యత మాత్రం నాది కాదన్నదీ ప్రభుత్వమే! ఇరాక్, అఫ్ఘనిస్తాన్ శిబిరాల్లో చెత్తను బయలు గుంటల్లో తగలబెట్టిన పొగ పీల్చినవారి విషయంలో మాత్రం 2022 ఆగస్టులో చట్టం చేశారు. అందులో శ్వాసకోశ కాన్సర్లతో పాటు జీర్ణకోశ కాన్సర్లనూ చేర్చారు. ఫలానా పొగ వల్లే జబ్బు వచ్చిందని ప్రతి సైనికుడూ విడిగా రుజువు చేసుకునే భారం అలా తప్పింది.

శ్రోతలారా! ఎవరెవరు ఎక్కడ పనిచేశారో, ఏ జబ్బుతో పోయారో ఓపికగా రాసిపెట్టిన కాగితాలే ఈ కథకు మూలం. ఆ కాగితాల మేలు ఇవాళ లోకమంతా అనుభవిస్తోంది. పొగ మానితే ఒళ్ళు కోలుకుంటుందనీ, ఏ బాధా లేకపోయినా యాభై దాటినవారు పేగు పరీక్ష సంగతి డాక్టరును అడగాలనీ మనకు తెలిసింది వారివల్లే. మన ఇళ్ళలోనూ సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలున్నారు. దగ్గు తగ్గకపోయినా, విరేచనంలో నెత్తురు కనబడినా వారు చెప్పుకోవడానికి మొగమాటపడవచ్చు. మనమే అడిగి తెలుసుకుని, ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్ళాలి.