నాలుగు రెక్కల కిటికీ

"ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ పుచ్చు కిటికీలు? పీకించేసి అల్యూమినియంవి పెట్టిద్దాం" అన్నాడు మా అబ్బాయి, సంక్రాంతికి మార్కాపురం వచ్చినప్పుడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. వీధివైపు కిటికీకి అడుగు చెక్క వానకి నాని, వేలితో గుచ్చితే పొడి రాలుతోంది. మావారూ వాడి పక్షమే. నేనొక్కదాన్నే ఎటూ చెప్పలేక ఊరుకున్నాను.

ఆ కిటికీ సంగతి మీకు చెప్పాలి. ఇలాంటివి మీరూ పాత ఇళ్లలో చూసే ఉంటారు. నిలువు ఇనప చువ్వలు, వాటికి నాలుగు రెక్కలు: పైన జత, కింద జత. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే గాలీ వెలుతురూ వస్తాయి, లోపల కూర్చున్న ఆడవాళ్లు మాత్రం వీధిలోకి కనపడరు. మా అత్తగారు కాపరానికి వచ్చిన కొత్తలో గుమ్మం దాటేది కాదట. చెన్నకేశవస్వామి రథోత్సవం కూడా కింది రెక్కల సందులోంచే చూశానని చెప్పేది. వయసు మీదపడ్డాక ఒకనాడు ఆ కింది రెక్కలు తానే బార్లా తెరిచింది. మళ్లీ ఎవర్నీ మూయనివ్వలేదు.

అప్పటికి మా ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో చేరింది, 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది. జిల్లాలు మారినా ఆ కిటికీ మాత్రం ఉన్నచోటే ఉంది.

పండగయ్యాక మా అమ్మాయిని చూద్దామని రాజమండ్రి వెళ్లాను. అది నన్ను కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటికి తీసుకెళ్లింది. రాష్ట్ర పురావస్తు శాఖ కాపాడుతున్న ఇల్లు అది. 1848లో పుట్టి 1919లో పోయిన ఆ మహానుభావుడు, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలేసినంత పని చేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. అప్పుడు ఆయన ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, తానే వంట చేశారు.

ఆ ఇంట్లో నిలబడ్డప్పుడు నాకు తట్టిందేమిటో చెప్పనా? బిందెతో నడిచి వస్తున్న ఆవిణ్ణి, ఎన్ని ఇళ్ల కిటికీ సందుల్లోంచి ఎంతమంది ఆడవాళ్లు చూసి ఉంటారో! అందులో నవ్విన వాళ్లుంటారు. లోలోపల దణ్ణం పెట్టుకున్న వాళ్లూ ఉండకపోరు. చరిత్రను చాలామంది ఆడవాళ్లు చూసింది కిటికీలోంచే కదా.

"మరి ఇలాంటి ఇంట్లో కిటికీ పుచ్చితే ఏం చేస్తారే?" అని అడిగాను. మా అమ్మాయి ఇంజనీరు, ఓపిగ్గా చెప్పింది. 1960 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడంలో అనుమతి లేకుండా మార్పులు చేయకూడదట. 1964లో వెనిస్ నగరంలో నిపుణులు ఒక ఒప్పందపత్రం రాసుకున్నారట. పోయిన భాగం స్థానంలో పెట్టేది మొత్తంతో చక్కగా కలిసిపోవాలి, కానీ చూస్తే కొత్తదని తెలియాలి. పాతదానిలా నటించకూడదు. అంచేత మొత్తం ఊడబెరకడం కాదు, చెడిన మేరకే మార్చడం పద్ధతి.

ఓస్, ఇంతేనా! చీర చిరిగితే మనం చేసే పని అదేగా? అతుకు వేస్తాం గానీ చీర పారేస్తామా?

ఊరు రాగానే ఒక పెద్ద వడ్రంగిని పిలిపించాను. ఆయన ఉలిపిడితో కిటికీ అంతా తట్టి చూశాడు. "పైనంతా గట్టిగానే ఉందమ్మా. ఇది చేవ. నల్లమల టేకు. ఈ చేవ ఇప్పుడు డబ్బులు పోసినా దొరకడం కష్టం" అన్నాడు. చేవ అంటే చెట్టు నడిమి భాగం. ఏళ్లకేళ్లు నిదానంగా పెరిగిన చెట్టులో అది ఎక్కువ. చెద, చెమ్మ తొందరగా ముట్టవు. మనిషికి చేవ ఉందంటామే, ఆ మాట ఇక్కడిదే.

మరి అడుగు చెక్క ఎందుకు పుచ్చింది? వాననీళ్లు నిలిచేది అక్కడే. పైగా ఏటా పండక్కి రంగు మీద రంగు పూశాం. రంగు పగిలిన చోట లోపలికెళ్లిన నీరు, ఆ పొరల కింద ఆరలేదు. తప్పు చెక్కది కాదు, మాది!

ఆయన పుచ్చిన మేర కోసి తీసేసి, పడగొట్టిన ఓ పాతింటి టేకు దూలంలోంచి ముక్క కోసుకొచ్చి, ఏటవాలుగా అతికి చెక్క చీలలు బిగించాడు. నీళ్లు జారిపోయేలా బయటివైపుకి కాస్త వాలు ఇచ్చాడు. పాత రంగంతా గీకించి అవిసె నూనె పట్టించాం. ఇంకో మాట, అల్యూమినియం చెక్క కంటే వందల రెట్లు వేడి లాగుతుంది. మా ఊరి వేసవి ఎరిగినవాళ్లకి వేరే చెప్పాలా?

మా ఇల్లు ఏ శాఖవారి జాబితాలోనూ లేదు, ఎప్పటికీ ఎక్కదు కూడా. దానికి మేమే పురావస్తు శాఖ.

మొన్న మా అబ్బాయి వచ్చి చూశాడు. "అతుకు కనపడుతోందే అమ్మా" అన్నాడు.

"కనపడాల్రా" అన్నాను.

కింది రెక్కలు మాత్రం అత్తగారు ఉంచినట్టే తెరిచి ఉంచాను.