కంప్యూటర్ గదిలో కుర్చీ ఎవరిది?

మన బడికి కంప్యూటర్లు వచ్చిన 1986లో నేను తొమ్మిదో తరగతి. సైన్సు లాబ్ పక్క గదికి కొత్తగా సున్నం వేసి, కిటికీలకు తెరలు కట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 1984-85లో సుమారు 250 బడులతో ‘క్లాస్’ పథకం మొదలుపెట్టింది. తర్వాతి విడతలో మనకు రెండు బీబీసీ మైక్రోలు దక్కాయి. వాటి మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు.

ప్రాక్టికల్స్ ఆఖరి బెల్లు తర్వాత పెట్టారు. పక్కూళ్ల ఆడపిల్లలు సాయంత్రం బస్సు తప్పితే ఇంటికి చేరేసరికి చీకటి పడేది. అందుకని వాళ్లు వెళ్లిపోయేవారు. ఊళ్లో ఉన్న మేం నలుగురం మిగిలినా కుర్చీలు అబ్బాయిలవే. “మీ దస్తూరీ బాగుంటుంది, మీరు రాయండమ్మా” అనేవారు మాస్టారు. మేం నోటుబుక్కులో బేసిక్ ప్రోగ్రాం రాసిస్తే అబ్బాయిలు టైపు చేసేవారు. మాస్టారిది చెడ్డ ఉద్దేశం కాదు. మాకూ అది అన్యాయమని తోచలేదు.

తర్వాత నేను కంప్యూటర్ లెక్చరర్‌నయ్యాక ఈ యంత్రం చరిత్ర చదివి ఆశ్చర్యపోయాను. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్‌కు ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు మహిళలు. యంత్రం కట్టడమే గొప్ప పని, ప్రోగ్రాం రాయడం గుమస్తా పని అనుకున్న రోజులవి. 1952లో తొలి కంపైలర్లలో ఒకటి తయారుచేసింది గ్రేస్ హాపర్. 1984 ప్రాంతంలో అమెరికాలో కంప్యూటర్ సైన్సు డిగ్రీలు అందుకున్నవారిలో 37 శాతం స్త్రీలే. పాతికేళ్లలో అది 18 శాతానికి పడిపోయింది.

ఎందుకు? కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ విద్యార్థులను అడిగి చూశారు. చాలా ఇళ్లలో కంప్యూటర్ పెట్టింది కొడుకు గదిలో! కాలేజీకి వచ్చేసరికే అబ్బాయిలకు చేయి తిరిగి ఉండేది. దాన్నే తెలివి అనుకున్నారు. ప్రవేశాల్లో పాత అనుభవానికి ప్రాధాన్యం తగ్గించి, కొత్తవాళ్లకు తగిన పాఠాలు పెట్టాక, 1995లో 7 శాతంగా ఉన్న అమ్మాయిల చేరిక 2000 నాటికి 42 శాతానికి చేరింది.

మన బడిలో ఆ మార్పు చేసింది మరుసటి ఏడు వచ్చిన లెక్కల టీచరుగారు. ప్రాక్టికల్స్‌ను మధ్యాహ్నం పీరియడ్‌కు మార్చి, రోల్ నంబరు వరసన మనిషికి పావుగంట ఇచ్చారు. మొదటిసారి కూర్చున్న రోజు ‘ప్రింట్’ అన్న మాటలో ఒక అక్షరం వదిలేశాను. తెర మీద ‘మిస్టేక్’ అని వచ్చింది. ఏడాదంతా ప్రోగ్రాములు రాసినా ఆ మాట నేనెన్నడూ చూడలేదు. తప్పు చేసి దిద్దుకునే అవకాశం కుర్చీలో ఉన్నవాళ్లకే ఉంటుందని అప్పుడు తెలిసింది. మూడోసారికి నా పేరు తెర మీద కనిపించింది.

ఈ స్వర్ణోత్సవ సందర్భంగా మన సంఘం బడికి కొత్త కంప్యూటర్లు ఇస్తోంది. సంతోషం. వాటితోపాటు ఒక రిజిస్టరు కూడా ఇద్దాం. ఏ రోజు ఎవరు ఎంతసేపు కుర్చీలో కూర్చున్నారో అందులో రాయమందాం. ఏడాది చివర మనమే వెళ్లి దాన్ని చూద్దాం.